పసిబిడ్డకు జలుబు ఎక్కువగా మన చేతుల మీదుగానే వస్తుంది: ఇంట్లో దాన్ని ఆపడం ఎలా?

మా రెండోవాడికి అప్పటికి ముప్పై ఎనిమిది రోజులు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక గడప దాటించిందే లేదు. బెజవాడ సత్యనారాయణపురంలో మూడో అంతస్తు ఫ్లాటు మాది. చెవుల్లో దూది, నెత్తిన టోపీ, కిటికీలన్నీ బిగింపు. అయినా ఒక రాత్రి పాలు పట్టబోతే రెండు గుక్కలు తాగి వదిలేసి గుక్కపట్టి ఏడ్చాడు. ముక్కు పూర్తిగా బిగుసుకుపోయింది. ముందు చూపించిన చోట మామూలు జలుబేనని దగ్గు సిరప్ రాసిచ్చి పంపేశారు. మర్నాటికి డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టాడు. వేరే ఆసుపత్రిలో నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉంచాల్సి వచ్చింది.

చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "బిడ్డకు గాలి ఎక్కడ తగిలించావమ్మా?"

గాలి తగలడానికి మేము సందిస్తేగా! అంతకు ఐదు రోజుల ముందు, యూకేజీ చదివే మా పెద్దాడికి ముక్కు కారింది. వాడు స్కూలు నుంచి రాగానే బ్యాగు సోఫా మీద పడేసి, ముందు తమ్ముడి బుగ్గ మీద ముద్దు పెట్టి, ఆ తర్వాతే షూ విప్పేవాడు. ఆ ముద్దు ముచ్చటగా ఉందని మేమే ఫోన్‌లో వీడియో తీసి చుట్టాలందరికీ పంపాం. ఇప్పుడు ఆ వీడియో చూస్తే వాడి పై పెదవి మీద చీమిడి మెరుస్తూ కనిపిస్తుంది.

ఇంట్లో బాలింత ఉన్నవాళ్లకూ, ఇంకో రెండు నెలల్లో పురుడు ఉన్నవాళ్లకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మందుల సంగతి డాక్టరుగారు చూసుకుంటారు. ఇంట్లో ఏం చేయాలన్నదే ఇక్కడ చెబుతాను.

ముందు దారి ఎక్కడుందో చూడండి

పసిపిల్లలను ఎక్కువగా ఆసుపత్రి పాలు చేసే వైరస్‌లలో ఆర్‌ఎస్‌వీ (రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్) ముఖ్యమైనది. రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ ఒక్కసారైనా సోకుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు సోకితే చాలాసార్లు మామూలు జలుబులా వచ్చి పోతుంది. నెలల బిడ్డలో మాత్రం ఊపిరితిత్తుల్లో ఉండే సన్నటి గొట్టాలు వాచి, కఫంతో పూడుకుపోతాయి. ఆ వయసులో పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు కాబట్టి, ముక్కు మూసుకుపోతే పాలు తాగడం కూడా కష్టమే.

ఇది ఎలా అంటుకుంటుందో తేల్చడానికి అమెరికాలోని రోచెస్టర్‌లో కెరోలిన్ హాల్ అనే పిల్లల డాక్టరు చేసిన పరిశోధన 1981లో అచ్చయింది. ఆర్‌ఎస్‌వీ వచ్చిన పసిపిల్లలున్న చోటికి మూడు గుంపులుగా పెద్దవాళ్లను పంపారు. మొదటి గుంపువాళ్లు బిడ్డను ఎత్తుకుని లాలించారు. రెండో గుంపువాళ్లు బిడ్డ లేనప్పుడు గదిలోకి వెళ్లి, బిడ్డ వాడిన మంచం, వస్తువులు ముట్టుకుని, ఆ చేత్తో తమ కళ్లూ ముక్కూ రుద్దుకున్నారు. మూడో గుంపువాళ్లు ఆరడుగుల దూరంలో ఊరికే కూర్చున్నారు. ఎత్తుకున్న ఏడుగురిలో ఐదుగురికి, వస్తువులు ముట్టుకున్న పదిమందిలో నలుగురికి వైరస్ సోకింది. దూరంగా కూర్చున్న పద్నాలుగు మందిలో ఒక్కరికీ రాలేదు.

అంటే చేతులు, ముఖం, వస్తువులు అన్నమాట. గట్టి వస్తువుల మీద ఈ వైరస్ కొన్ని గంటలు బతికి ఉంటుంది. ఫ్లూ, కరోనా, తట్టు, ఆటలమ్మ గాలి ద్వారా కూడా వస్తాయి, కాదనను. వాంతులు, విరేచనాల వైరస్‌లు మలం నుంచి చేతికీ, చేతి నుంచి నోటికీ చేరతాయి. అయితే చాలా దారుల్లో చివర్లో ఉండేది మనలో ఎవరో ఒకరి చెయ్యే.

మనవాళ్లకు ఎంగిలి పట్టింపు ఎక్కువ. ఒకరు కరిచిన జామకాయ ఇంకొకరు ముట్టరు, గ్లాసు ఎత్తి పోసుకుని తాగుతారు. అదే ఇంట్లో బిడ్డ పాలపీక కింద పడితే అమ్మమ్మ తన నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్లీ బిడ్డ నోట్లో పెడుతుంది. ఉగ్గు వేడి చూడటానికి అదే స్పూను నాలుకకు తగిలిస్తుంది. బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఎంగిలి అన్న మాటే మర్చిపోతాం. ఆ పట్టింపును బిడ్డకూ వర్తింపజేస్తే సగం పని అయిపోయినట్టే.

పెద్దపిల్లను గుమ్మంలోనే ఆపండి

అన్నిటికంటే ముందు చేయాల్సింది, అన్నిటికంటే ఫలితమిచ్చేది ఇదే. ఇంట్లోకి వైరస్ తెచ్చేవాళ్లలో బడికి వెళ్లే పిల్లలదే మొదటి స్థానం. ఒక్క తరగతి గదిలో నలభై ముక్కులు, ఒకే నీళ్ల కుళాయి, ఆటోలో ఒళ్లో ఒళ్లో కూర్చుని ప్రయాణం. లక్షణాలు బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందే వైరస్ ఇతరులకు అంటుకోవచ్చు. కాబట్టి "వీడికి జలుబేం లేదుగా" అన్న మాట లెక్కలోకి రాదు.

మేము చేసిన పద్ధతి చెబుతాను. బ్యాగు, లంచ్ బ్యాగు, షూ గుమ్మం పక్కనే ఒక ప్లాస్టిక్ బుట్టలో. అక్కడి నుంచి తిన్నగా బాత్రూమ్. సబ్బుతో చేతులు, ముఖం కడుక్కోవాలి. యూనిఫామ్ విప్పి వేరే బట్టలు వేసుకోవాలి. ఆ తర్వాతే తమ్ముడు. పూర్వం వాకిట్లో నీళ్ల గంగాళం పెట్టి, కాళ్లు కడుక్కోనిదే ఎవర్నీ లోపలికి రానిచ్చేవాళ్లు కాదు కదా, అదే ఇది. కొత్తగా కనిపెట్టిందేం లేదు.

చేతులు కడగడమంటే వేళ్ల కొసలు తడిపి నిక్కరుకు తుడుచుకోవడం కాదు. సబ్బు నురగతో ఇరవై సెకన్లు రుద్దాలి. వేళ్ల సందులు, గోళ్ల కింద, బొటనవేలు చుట్టూ. ఐదేళ్లవాడికి సెకన్లు అర్థం కావు కాబట్టి ఒకటి నుంచి ఇరవై వరకూ ఎక్కాల్లా గట్టిగా చెప్పమన్నాం. మొదటి వారం గొడవ, రెండో వారం అలవాటు. మావాడైతే మూడో వారానికి వాళ్ల తాతయ్యను కూడా కాపలా కాయడం మొదలుపెట్టాడు.

ఆఫీసు నుంచి వచ్చే నాన్నకూ ఇదే నియమం. బీసెంట్ రోడ్డులో షాపింగ్ చేసొచ్చిన అత్తయ్యకూ ఇదే. ఫోన్ కూడా రోజుకొకసారి తుడవండి. అందరి చేతుల్లో తిరిగి చివరికి బిడ్డ చేతికి బొమ్మలా చేరేది అదే.

ముద్దు పాదాలకు

ముద్దు పెట్టొద్దని ఎవరితోనూ చెప్పలేం, చెప్పినా వినరు. ఎక్కడ పెట్టాలో చెప్పండి. బుగ్గలు, పెదాలు, చేతులు వద్దు. పిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు. పాదాలకు పెట్టమనండి. ఐదారు నెలలకు కాళ్లు కూడా నోట్లో పెట్టుకునే విద్య నేర్చుకుంటారు, అప్పుడు నడినెత్తికి మారండి!

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం అసలు వద్దు. పెదవి చివర నీటి పొక్కులు లేచినవాళ్లు బిడ్డకు ముద్దు పెట్టకూడదు. జ్వరం వచ్చి తగ్గాక లేస్తాయే, అవే. బల్లి పాకిందంటారు, వేడి చేసిందంటారు. చాలాసార్లు అది హెర్పిస్ వైరస్. పెద్దవాళ్లకు వారంలో ఎండిపోయే పొక్కు, నెల లోపు బిడ్డకు సోకితే మెదడు దాకా వెళ్లి ప్రాణం మీదికి తేగలదు. పొక్కు పెచ్చు కట్టి పూర్తిగా రాలేదాకా ముద్దులు లేవు. ఆ పొక్కును ముట్టుకుంటే వెంటనే చెయ్యి కడగాలి. తాతయ్యకో నాయనమ్మకో సర్పి లేస్తే, పొక్కులన్నీ ఎండేదాకా ఆ చోటును బట్టతో కప్పి ఉంచాలి, బిడ్డను ఎత్తుకోకూడదు. ఆ పొక్కుల నీటిలో ఉండేది ఆటలమ్మ వైరసే.

నీళ్లు పోసే ఆవిడతో మాట్లాడండి

ఇది రాయాలా వద్దా అని కొంచెం ఆలోచించాను. మన బెజవాడలో, గుంటూరులో పసిపిల్లలకు నీళ్లు పోయడానికి వచ్చే ఆడవాళ్ల చేతి నేర్పు చూడాలి. కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి, చెంబుతో వేడినీళ్లు పోస్తే బిడ్డ మూడు గంటలు కదలకుండా నిద్రపోతుంది. కానీ ఆవిడ ఉదయం పూట నాలుగైదు ఇళ్లు తిరుగుతుంది. ఒక ఇంట్లో బిడ్డ చీమిడి ఇంకో ఇంటికి ఆమె చేతుల మీదుగా రావడానికి అరగంట చాలు.

స్నానం మాన్పించక్కర్లేదు. మూడు పనులు మాన్పించండి. ఒకటి, కఫం తీస్తానని నోట్లో వేలు పెట్టి గొంతు గెలకడం. రెండు, నీళ్లు పోయడం అయ్యాక ముక్కులోకి, చెవుల్లోకి నోటితో ఊదడం. ఊపిరి నేరుగా బిడ్డ ముక్కులోకి వెళ్తుంటే ఇక వైరస్‌కు వేరే దారి ఎందుకు? మూడు, ముక్కులో నూనె చుక్కలు వేయడం. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే అదొక వేరే రకం న్యుమోనియా.

ఎలా చెప్పాలన్నదే సమస్య. మా అత్తయ్య ఎదురుగా నేను చెబితే "మీ ఆయన్ని కూడా ఇలాగే పెంచాం" అన్న మాట వస్తుంది. అందుకని డాక్టరుగారి మీద తోసేశాను. "డాక్టరుగారు గట్టిగా చెప్పారత్తయ్యా, ఊదితే మళ్లీ ఆసుపత్రేనట." నీళ్లు పోసే ఆవిడకు రాగానే సబ్బు, వేడినీళ్లు, శుభ్రమైన తువ్వాలు అందించి, "ముందు కాస్త చేతులు కడుక్కో పిన్నీ" అంటే ఏమీ అనుకోలేదు. ఆవిడకు జలుబు చేసిన రోజు రావొద్దని, ఆ రోజు డబ్బులు తగ్గించబోమని ముందే మాటిచ్చాం. డబ్బులు పోతాయంటే ఎవరైనా దగ్గుతూనే వస్తారు.

కొంగు, తుండు, స్పూను

ఒక్క పూట మీ కొంగును గమనించండి. పెద్దాడి ముక్కు దానితోనే, మూకుడు దించడం దానితోనే, చెమట దానితోనే, బిడ్డ మూతికి కారిన పాలు తుడిచేదీ దానితోనే. నేను లెక్కపెడితే ఒక్క పొద్దునే తొమ్మిదిసార్లు వచ్చింది. బిడ్డకు పాత నూలు చీర చింపి చిన్న గుడ్డలు ఇరవై చేసుకోండి. ఒకసారి వాడింది ఉతుకులోకి. సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తే చాలు, మన ఎండలకు వేరే మందు అక్కర్లేదు. పెద్దాడి ముక్కుకు వేరే రుమాలు, ఇంట్లో ఎవరి తువ్వాలు వాళ్లదే.

పాలపీక కింద పడితే నీళ్లతో కడగాలి. ఉగ్గు వేడి చూడాలంటే మణికట్టు మీద చుక్క వేసుకోవాలి.

ఇంట్లో ఒకరికి మొదలైతే

రెండు పడకగదుల ఇంట్లో ఏడుగురం ఉండేవాళ్లం. ఐసోలేషన్ అంటే నవ్వొస్తుంది. అయినా కొంత చేయొచ్చు. జలుబు చేసినవాళ్లు రాత్రి బిడ్డ పడుకున్న గదిలో పడుకోకూడదు, అంతే. హాల్లో పడుకున్నా చాలు. దగ్గు, తుమ్ము వస్తే మోచేతి మడతలోకి. బిడ్డ దగ్గరికి వెళ్లక తప్పకపోతే మాస్క్. బిడ్డకు మాత్రం మాస్క్ ఎప్పుడూ పెట్టొద్దు, రెండేళ్ల లోపు పిల్లలకు ఊపిరి ఆడదు.

కిటికీలు తెరవండి. బెజవాడలో ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు. కాలువల పుణ్యమా అని సాయంత్రమైతే దోమలు. మెష్ బిగించుకుని, పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం ఒక గంట గాలి ఆడనివ్వండి. తలుపులన్నీ మూసి ఏసీ వేసిన గదిలో ఒకరు దగ్గితే ఆ గాలినే అందరూ పీలుస్తారు. సాంబ్రాణి పొగ, దోమల కాయిల్, సిగరెట్ పొగ వైరస్‌ను తేవు గానీ, వాచిన గొట్టాలను ఇంకా రేపుతాయి. తలారబెట్టడానికి మెత్తటి తువ్వాలు చాలు.

అమ్మకే జలుబు చేస్తే? పాలు ఆపేయడం పెద్ద పొరపాటు. "తల్లి జలుబు పాలల్లో దిగుతుంది" అని నాకూ చెప్పారు. మామూలు జలుబు, ఫ్లూ వైరస్‌లు పాల ద్వారా బిడ్డకు రావు. పైగా మీ ఒంట్లో తయారయ్యే రక్షణ పాలల్లోంచే బిడ్డకు చేరుతుంది. చేతులు కడుక్కుని, మాస్క్ పెట్టుకుని పట్టండి. లేవలేనంత జ్వరంగా ఉంటే పాలు పిండి ఇస్తే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు గిన్నె, స్పూనుతో తాగించొచ్చు.

విరేచనాలకు వేరే జాగ్రత్త

పెద్దపిల్లకు వాంతులు, విరేచనాలైనా, చేతులకు కాళ్లకు నోట్లో పొక్కులు వచ్చినా శానిటైజర్‌ను నమ్ముకోవద్దు. ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ లాంటివి దానికి లొంగుతాయి గానీ, ఈ రకం వైరస్‌లలో చాలావాటి మీద అది సరిగా పనిచేయదు. సబ్బూ నీళ్లే. ఇంకో చిక్కు ఉంది. పొక్కులు మానినా వాటి వైరస్ మలంలో వారాలపాటు వస్తూనే ఉంటుంది. పిల్లాడు బడికి వెళ్తున్నాడు కదా, తగ్గిపోయిందిలే అని వదిలేయొద్దు. వాడికి కడిగిన చెయ్యి సబ్బుతో కడక్కుండా బిడ్డను ముట్టుకోకండి. డైపర్ మార్చే చోటు, వంట చేసే చోటు ఒకటి కాకూడదు. తాగే నీళ్లు, పాల గిన్నెలు కడిగే నీళ్లు కాచినవే వాడండి, ముఖ్యంగా వానలు పడి పైపుల్లో నీళ్లు రంగు మారినప్పుడు.

చూడ్డానికి వచ్చేవాళ్లు

ఇరవై ఒకటో రోజు బారసాల. ఆ రోజు బిడ్డ ఎన్ని చేతులు మారుతుందో లెక్కే ఉండదు. ఫంక్షన్ మానేయమని నేను చెప్పను, చెబితే మా ఇంట్లోనే ఒప్పుకోరు. ఉయ్యాల్లో వేసి పేరు పెట్టే తంతు అయ్యాక బిడ్డను లోపలి గదికి చేర్చి, పాలు పట్టాలని తలుపు వేసేయండి. ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పలేరు. సంక్రాంతికి రైళ్లలో కిక్కిరిసి వచ్చే చుట్టాలకు, ఫోన్‌లోనే ముందు చెప్పడం మేలు: "జలుబు, దగ్గు ఉంటే తగ్గాక రండి బాబాయ్, పిల్ల ఎక్కడికీ పోదు." ఎదురుగా నిలబడ్డాక చెప్పాలంటే మనకే నోరు రాదు.

టీకాలు

ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు ఒక్కటీ తప్పించొద్దు. విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కు చుక్కల మందు ప్రభుత్వ టీకాల్లో ఉచితం. 2016లో దేశంలో దాన్ని మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. మీ వార్డు ఏఎన్‌ఎం నర్సును అడిగితే తేదీలు చెబుతారు. తొమ్మిది నెలలకు తట్టు టీకా. ఫ్లూ టీకా ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు వేయరు, అందుకే కడుపుతో ఉన్నప్పుడు తల్లి వేయించుకుంటే ఆ రక్షణ కొన్ని నెలలు బిడ్డకు ఉంటుంది. చుట్టూ ఉన్న పెద్దవాళ్లు కూడా వేయించుకోవచ్చు. దీనికి మాత్రం డబ్బులు పెట్టాలి.

ఇన్ని చేసినా వస్తే

వస్తుంది. ఏడాదిలో ఒకటి రెండుసార్లయినా వస్తుంది, టెన్షన్ పడొద్దు. పాలు పట్టే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేయండి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పట్టండి. దగ్గు సిరప్ వద్దు. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2025లో హెచ్చరించింది. ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు, పోయినసారి మిగిలిన సీసా బయటికి తీయకండి.

ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. బిడ్డ నిద్రలోనో, ఏడవకుండానో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటి చొప్పున పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే తప్పు వస్తుంది, పసిపిల్లల ఊపిరి ఒక తీరుగా ఉండదు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి అరవై లేదా ఆ పైన, రెండు నెలల నుంచి ఏడాది లోపు యాభై లేదా ఆ పైన ఉంటే వేగం ఎక్కువైనట్టు.

డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, పాలు సగం కూడా తాగకపోయినా, ఆరేడు గంటలు ఉచ్చ పోయకపోయినా, మాడు గుంటపడినా, ఎంత లేపినా మగతగా ఉన్నా ఆగకండి. పెదాలు నీలంగా మారితే, ఊపిరి ఆగి ఆగి తీస్తుంటే 108కి ఫోన్ చేయండి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 ఫారెన్‌హీట్ చూపిస్తే, వేరే లక్షణం ఏదీ లేకపోయినా అదే రోజు, అదే పూట డాక్టరు చూడాలి. రాత్రిపూట పిల్లల డాక్టరు, ఆక్సిజన్ రెండూ ఉండే ఆసుపత్రి మీ ఇంటికి దగ్గర్లో ఏదో ఇప్పుడే కనుక్కుని, ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. రాత్రి రెండు గంటలకు వెతుక్కోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

తగ్గి ఇంటికి వచ్చాక ఇంకో పని మిగులుతుంది. పసిపిల్లల నుంచి ఆర్‌ఎస్‌వీ మూడు నాలుగు వారాల దాకా కూడా బయటికి వస్తుండవచ్చు. మావాడు డిశ్చార్జ్ అయిన వారానికి పక్క ఫ్లాట్‌లో బారసాల, బొట్టు పెట్టి పిలిచారు. మా అత్తయ్య పట్టుచీర తీశారు, నేను సంగతి చెప్పాక ఒక నిమిషం ఆలోచించి మళ్లీ బీరువాలో పెట్టేశారు. వాళ్ల గుమ్మం బయటే నిలబడి, బిడ్డకు కొన్న గౌను కవరు అందించి వచ్చాం.